కరువు ఏట కట్టగలిగిన ఫీజు

మా అనంతపురం పల్లెల్లో డబ్బును ‘లెక్క’ అంటారు. ‘ఆయప్ప దగ్గర బాగా లెక్క ఉంది’ అంటే డబ్బున్నవాడని అర్థం. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి ఈ మాటలోని రెండు అర్థాలూ విడిపోతాయి. చేతిలో లెక్క ఉందా అని చుట్టాలంతా అడుగుతారు. కాగితం మీద లెక్క వేశారా అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఈ అధ్యాయం ఆ రెండో లెక్క కోసం రాస్తున్నాను.

నిరుడు ఎండాకాలంలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాయనతో కలిసి నా దగ్గరికి వచ్చింది. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైంది. ఫోన్‌లో ఒక కోర్సు పేరు చూపించింది. పోడియాట్రీ. అంటే పాదాలకు, చీలమండలకు సంబంధించిన వైద్యం. ‘అన్నా, ఇది సదవాలంటే ఎంత లెక్క కావాల?’ అని అడిగింది. ఆమెకు ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో నేను అడగాల్సిన పని లేకపోయింది. పక్కన కూర్చున్న వాళ్ల నాయన కుడికాలికి రెండు వేళ్లు లేవు. షుగరు తీసుకుపోయింది.

మన మెట్ట నేలలో పాదం ఎంత కష్టపడుతుందో మీకు చెప్పక్కర్లేదు. చాలామంది చెప్పులు గట్టు మీద విడిచి శెనక్కాయ చేలోకి దిగుతారు. ఎర్రనేల మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. చేను చుట్టూ కంప. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయిన మనిషికి ముల్లు దిగిన సంగతే తెలియదు. పుండు పడుతుంది, చీము పడుతుంది, వేలు నల్లబడుతుంది. అప్పటికి గానీ ఆసుపత్రికి రారు. 1946లో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు కుష్ఠు రోగుల పాదాల్లో ఇదే చూశాడు. నొప్పి తెలియకపోవడం వల్లే, తగిలిన దెబ్బ మీదే మళ్లీ మళ్లీ నడవడం వల్లే పాదం పాడవుతోందని ఆయన పనిచేసిన బృందం గుర్తించింది. మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు ఆ పని నుంచే వ్యాప్తిలోకి వచ్చాయి. షుగరు పాదానికీ వర్తించే పాఠం అది. కాబట్టి ఈ అమ్మాయి కోరుకున్న చదువు మన జిల్లాకు అక్కరకొచ్చే చదువే. అందుకే ‘అదెందుకు, ఇంజినీరింగ్ చేయి’ అని నేను అనలేదు. లెక్క వేద్దాం రండి అన్నాను.

ముందు చివరి కాగితం చూడండి

ఫీజు ఎంత అని అడిగే ముందు ఒక ప్రశ్న ఉంది. చదువు పూర్తయ్యాక చేతికొచ్చే కాగితంతో ఎక్కడ, ఏ పేరుతో పని చేయవచ్చు? ఈ ప్రశ్నకు జవాబు దొరక్కుండా ఫీజుల పట్టిక ముందేసుకుంటే, తప్పు చేనుకు ఎరువు తోలినట్టే.

అమెరికాలో పోడియాట్రీ అంటే ముందు మామూలు డిగ్రీ, ఆ తర్వాత నాలుగేళ్ల డీపీఎం, ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ. ఇంటర్ అయిన పిల్ల పదకొండేళ్లు చదవాలి. బ్రిటన్‌లో మూడేళ్ల బీఎస్సీతోనే పోడియాట్రిస్టు కావచ్చు. అయితే హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదైనవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో పోడియాట్రిస్టును చేర్చింది. కానీ ఇంటర్ తర్వాత నేరుగా చేరడానికి ఎంబీబీఎస్‌లాగా, నర్సింగ్‌లాగా ఊరూరా స్థిరపడిన పోడియాట్రీ డిగ్రీ ఇక్కడ లేదు. షుగరు పాదాల వైద్యం చేసేవాళ్లలో ఎక్కువమంది ఎంబీబీఎస్, సర్జరీ చదివి ఆ తర్వాత ప్రత్యేక శిక్షణ తీసుకున్న డాక్టర్లు.

మరి డాక్టరు కాకుండా పాదాల దగ్గర కూర్చుని పనిచేసే దారులు లేవా? ఉన్నాయి. బ్యాచిలర్ ఆఫ్ ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, పొట్టిగా బీపీఓ. కృత్రిమ కాళ్లు, ఆధారపట్టీలు, పుండు మీద బరువు పడకుండా చేసే చెప్పులు కొలతలు తీసి తయారుచేసే చదువు అది. నాలుగేళ్లు క్లాసులు, ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. పూర్తిచేసినవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై సీఆర్ఆర్ నంబరు తెచ్చుకోవాలి. ఆ కౌన్సిల్‌కు 1992 చట్టం ఆధారం. ఒడిశాలో కటక్ దగ్గర ఓలట్‌పూర్‌లోని ఎస్‌వీనిర్తార్, కోల్‌కతాలోని ఎన్ఐఎల్‌డీ, చెన్నై శివారు ముట్టుకాడులోని నీప్‌మెడ్ కేంద్ర ప్రభుత్వ సంస్థలు. వీటికి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంటుంది. మనకు దగ్గరగా బెంగళూరులో మొబిలిటీ ఇండియా అనే సంస్థ ఈ రంగంలోనే పనిచేస్తూ కోర్సులు నడుపుతోంది. ఫిజియోథెరపీ, నర్సింగ్ కూడా పాదాల పుండ్ల దగ్గరికి తీసుకెళ్లే దారులే. గాయాలకు కట్లు కట్టడంలో నేర్పున్న నర్సు ఒకరుంటే కాలు తీసేయాల్సిన రోగులు ఎందరు తగ్గుతారో షుగరు వార్డులో ఒక్క రోజు కూర్చుంటే తెలుస్తుంది.

ఆ అమ్మాయికి ఈ దారులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చాను. ప్రతి దారి పక్కనా మూడే మాటలు: ఎన్నేళ్లు, ఎవరి గుర్తింపు, చివర ఏ ఉద్యోగం. అప్పుడు గానీ డబ్బు మాట ఎత్తలేదు.

మొదటి ఏడాది ఫీజు మోసం చేస్తుంది

కాలేజీ వాళ్లు చెప్పే అంకె ఎప్పుడూ మొదటి ఏడాది ట్యూషన్ ఫీజే. మీరు కట్టేది ట్యూషన్ ఒక్కటే కాదు. యూనివర్సిటీ ఫీజు, పరీక్ష ఫీజు, ల్యాబు, యూనిఫాం, తెల్లకోటు, పుస్తకాలు, క్లినికల్ డ్యూటీలకు ఆసుపత్రికి పోయివచ్చే బస్సు ఛార్జీలు, హాస్టలు, మెస్సు, తిరిగి ఇస్తామంటూ కట్టించుకునే డిపాజిట్. ఇవన్నీ కలిపి ఎన్నేళ్ల కోర్సైతే అన్నేళ్లకూ వేయండి. బీపీఓకి నాలుగున్నరేళ్లు. ఆ చివరి ఆరు నెలల్ని చాలామంది లెక్కలో మర్చిపోతారు. క్లాసులు అయిపోయాయి కదా అనుకుంటారు. ఇంటర్న్‌షిప్‌లో కూడా పిల్ల తినాలి, గదికి అద్దె కట్టాలి. స్టైపెండ్ ఇస్తారా, ఇస్తే ఎంత, నెలనెలా ఇస్తారా అన్నది ఆ కాలేజీలో ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్న విద్యార్థినే అడగండి. ఆఫీసులో అడిగితే నిబంధన చెబుతారు. విద్యార్థిని అడిగితే చేతికొచ్చింది చెబుతారు.

ఇక్కడ నా ఇంట్లో జరిగింది చెప్పాలి. నా తమ్ముడికి ఒక ప్రైవేటు కాలేజీ నలభై శాతం రాయితీ ఇస్తామంది. ఏడాదికి 1,20,000 ఫీజు కాస్తా 72,000 అయింది. పక్క ఊళ్లో ఇంకో కాలేజీ ఎవరికైనా సరే 90,000 అంది, రాయితీ లేదంది. మేము మొదటిదాన్ని ఎంచుకున్నాం. స్కాలర్‌షిప్ వచ్చిందని ఊరంతా చెప్పుకున్నాం. మొదటి ఏడాది ఒక సబ్జెక్టు మిగిలింది. రెండో ఏడాది మొదట్లో ఆఫీసుకు పోతే, బ్యాక్‌లాగ్ ఉంటే రాయితీ పోతుందని అడ్మిషన్ కాగితంలో ఉన్న వాక్యం చూపించారు. ఆ వాక్యం కింద మా నాయన సంతకం ఉంది. ఆయన చదివి పెట్టిన సంతకం కాదు. నేనూ చదవలేదు. నాలుగేళ్లకు 2,88,000 అవుతుందనుకున్నది 4,32,000 అయింది. రాయితీ లేని కాలేజీలో 3,60,000తో అయిపోయేది. తేడా 72,000. ఆ ఏడు మాకు శెనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం.

అందుకే స్కాలర్‌షిప్ అన్న మాట వినగానే నేను అడిగేది ఎంత అని కాదు, ఎప్పటిదాకా అని. ప్రతి ఏడాదీ దానంతటదే కొనసాగుతుందా, మళ్లీ దరఖాస్తు పెట్టాలా? మార్కుల షరతు ఉందా, ఎన్ని శాతం? ఒక సబ్జెక్టు తప్పితే పోతుందా, పాసయ్యాక తిరిగి వస్తుందా? ఫీజు పెరిగితే రాయితీ కూడా పెరుగుతుందా, లేక మొదటి ఏడాది అంకె దగ్గరే ఆగిపోతుందా? నిరుడు ఈ రాయితీతో చేరినవాళ్లలో ఈ ఏడాది ఎంతమందికి అది నిలిచింది? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే కాలేజీని నమ్మవచ్చు. జవాబులన్నీ కాగితం మీద తీసుకోండి. కౌంటరు దగ్గర చెప్పిన మాటకు కౌంటరు దగ్గరే విలువ.

ప్రభుత్వ సొమ్ము, దాని తేదీలు

మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008 నాటి నుంచి ఇంటింటి మాట అయింది. పేర్లు మారాయి, పద్ధతులు మారాయి. విద్యా దీవెన పేరుతో నడిచిన నిబంధనల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు. మాగాణి పదెకరాల లోపు, మెట్ట ఇరవై ఐదెకరాల లోపు ఉండాలి. హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు వర్తించదు. మెట్ట భూమికి ఇరవై ఐదెకరాల పరిమితి మన జిల్లా రైతుకు చాలా ముఖ్యమైన సంగతి. పదిహేనెకరాల మెట్ట ఉందని ‘మనకు రాదులే’ అనుకుని దరఖాస్తే పెట్టని ఇళ్లు నేను చూశాను. మీరు చేరే ఏడాదికి అమల్లో ఉన్న నిబంధనలేమిటో సచివాలయంలో అడిగి తెలుసుకోండి.

ఈ పథకంలో ‘రీయింబర్స్‌మెంట్’ అన్న మాటను గట్టిగా పట్టుకోండి. అది ముందు వచ్చే డబ్బు కాదు, వెనక వచ్చే డబ్బు. 2021 నుంచి కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో పడింది, తర్వాత మళ్లీ కాలేజీల ఖాతాలకు మారింది. ఎవరి ఖాతాలో పడినా, అది పడే తేదీకీ కాలేజీ అడిగే తేదీకీ మధ్య నెలలు ఉండవచ్చు. ఆ మధ్యకాలాన్ని ఎలా గట్టెక్కాలో ముందే ఆలోచించుకోకపోతే, హాల్‌టికెట్టు ఇచ్చే రోజున అప్పుకు పరుగెత్తాల్సి వస్తుంది.

మన దగ్గర ఈ తేదీల చిక్కు ఇంకా గట్టిది. కాలేజీలు ఫీజు అడిగేది జూన్ నుంచి ఆగస్టు వరకు. విత్తనం కొనేది, ఎరువు కొనేది, సేద్యానికి ట్రాక్టరు బాడుగ ఇచ్చేది కూడా అప్పుడే. కోస్తాలో రెండు పంటలు పండే రైతుకు ఒక చేయి తడి ఆరే లోపు ఇంకో చేయి తడుస్తుంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన మీద ఒక్క పంట. అదీ సమయానికి పడితే. కాబట్టి కాలేజీ ఆఫీసులో ఇంకో ప్రశ్న అడగండి: ఫీజు వాయిదాల్లో కట్టవచ్చా, ఒక వాయిదా జనవరిలో పెట్టుకోవచ్చా? కాయ అమ్మిన డబ్బు చేతికొచ్చాక కట్టే వీలు ఉందంటే, కొన్నిసార్లు అది పదివేల రాయితీకంటే విలువైనది.

రాష్ట్రం దాటి బెంగళూరుకో చెన్నైకో కటక్‌కో పోతే మన రాష్ట్ర ఫీజు పథకం వెంట వస్తుందని అనుకోకండి. అది ముఖ్యంగా ఇక్కడి కాలేజీల కన్వీనర్ కోటా సీట్ల కోసం. ఎస్సీ విద్యార్థులకు మాత్రం కేంద్రం నిధులతో నడిచే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది. దేశంలో ఎక్కడ చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలన్నది దాని నియమం. జిల్లా సాంఘిక సంక్షేమ శాఖ కార్యాలయంలో అడ్మిషన్‌కు ముందే వెళ్లి అడగండి.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఇంకొకటి ఉంది. ఇంటర్‌లో తమ బోర్డులో 80వ పర్సెంటైల్ పైన నిలిచి, ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్న పిల్లలకు డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 ఇస్తారు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకు ఇది రాదు. చాలామంది రెండింటినీ కలిపి లెక్కలో రాసుకుంటారు. ఒక రూపాయిని రెండుసార్లు రాసుకున్నట్టు అది. రెండింటిలో ఏది ఎక్కువో చూసుకుని ఒక్కటే రాయండి.

మన ఉమ్మడి జిల్లాలో ప్రభుత్వం కాకుండా ఇంకో రెండు పెద్ద చేతులున్నాయి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ బత్తలపల్లిలో ఆసుపత్రి నడుపుతూ, పేద పిల్లల పైచదువులకూ సాయం చేస్తూ వచ్చింది. పుట్టపర్తి సత్యసాయి విశ్వవిద్యాలయం ట్యూషన్ ఫీజు తీసుకోదు. ఆడపిల్లల కోసం 1968లో మొదలైన దాని ప్రాంగణం అనంతపురంలోనే ఉంది. పాదాల చదువు నేరుగా అక్కడ లేకపోయినా, సైన్సు డిగ్రీ ట్యూషన్ ఫీజు లేకుండా చేసి, ఆ మిగిలిన డబ్బుతో పైచదువుకు పోవడం ఒక మంచి దారి. దాతల సాయం మీద నడిచే చదువుకు కూడా రెండో దారి సిద్ధంగా ఉంచుకోవాలని మాత్రం చెబుతాను. 2025లో ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగిపోయినప్పుడు జిల్లాలో జనం రోడ్డెక్కారు. సాయం చేసే చెయ్యి ఎంత మంచిదైనా, దాని చేతుల్లో లేనివి కూడా ఉంటాయి.

వడ్డీ లెక్క

ఊళ్లో అప్పు రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, మూడు రూపాయల వడ్డీ అంటారు. వినడానికి చిన్నగా ఉంటుంది. రెండు రూపాయలంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. లక్ష తెస్తే నాలుగున్నరేళ్ల కోర్సు ముగిసేసరికి వడ్డీయే 1,08,000. అసలును మించిపోయింది. అదే లక్ష బ్యాంకులో పది శాతానికి తెస్తే, చదివే కాలమంతా మామూలు వడ్డీయే పడితే 45,000.

ఇప్పుడు పూర్తి కోర్సుకు వేసి చూద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షల విద్యారుణం, పది శాతం వడ్డీ, నాలుగున్నరేళ్ల కోర్సు, ఆపైన ఏడాది గడువు అనుకోండి. మొదటి లక్ష మీద ఐదున్నరేళ్ల వడ్డీ, చివరి లక్ష మీద రెండున్నరేళ్ల వడ్డీ పడుతుంది. అన్నీ కలిపితే వడ్డీ 1,60,000. కట్టడం మొదలుపెట్టే రోజుకు అప్పు 5,60,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,400. పిల్లకు బెంగళూరులో మొదటి జీతం 20,000 వచ్చి, గదికి తిండికి 12,000 పోతే మిగిలేది 8,000. వాయిదా కట్టగా చేతిలో ఆరువందలు. ఇంటికి పంపేది ఏమీ లేదు. ఇది ముందే తెలిస్తే తప్పేమీ లేదు. జీతం వచ్చాక తమ్ముడి చదువు చూసుకుంటుందిలే అని ఇంట్లో అందరూ అనుకుంటూ ఉంటే మాత్రం ఆ పిల్ల మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి.

కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే చదువు కాలంలో, ఆపైన ఏడాది గడువులో పడే వడ్డీని కేంద్రమే కట్టే పథకం ఉంది. దానికి కోర్సుకు, కాలేజీకి ఉండాల్సిన గుర్తింపులు ఉన్నాయి. అది వర్తిస్తే పై లెక్కలోని 1,60,000 ఎగిరిపోతుంది. నెల వాయిదా 5,300 చుట్టూ దిగుతుంది. గుర్తింపు ఉన్న కాలేజీని ఎంచుకోవడం ఒక్కదానివల్లే పదేళ్లపాటు నెలకు రెండువేల పైన మిగులుతుందన్నమాట. బ్యాంకు మేనేజరును అడ్మిషన్‌కు ముందే కలిసి, ఆ కాలేజీ పేరు చెప్పి, ఈ వడ్డీ సబ్సిడీ వస్తుందా అని అడగండి. 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వడానికి ప్రభుత్వ హామీ పథకం ఉన్న సంగతి కూడా గుర్తుచేయండి.

విదేశం మాట కూడా తేలుద్దాం. అమెరికాలో డీపీఎం ట్యూషన్ ఏడాదికి 45,000 డాలర్లు అనుకుంటే నాలుగేళ్లకు 1,80,000. డాలరు 85 రూపాయల చొప్పున కోటిన్నర పైమాటే. దానికి ముందు డిగ్రీ ఖర్చు, తర్వాత రెసిడెన్సీ దొరకాలన్న ఆందోళన, వీసా. అమెరికా ప్రభుత్వ విద్యారుణాలు మన పౌరులకు రావు. కాలేజీ ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్ నాలుగోవంతు తగ్గించినా మిగిలేది మన పల్లెలో ఏ ఇంటి లెక్కకూ అందదు. అంత పెద్ద రుణానికి బ్యాంకు తాకట్టు అడుగుతుంది. వ్యవసాయ భూమిని బ్యాంకులు సాధారణంగా విద్యారుణానికి తాకట్టుగా ఒప్పుకోవు. బాకీ వసూలు కోసం 2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అంటే పదిహేనెకరాలున్న రైతు దగ్గర కూడా బ్యాంకు కంటికి ఆనేది టౌనులో ఇల్లు ఉంటే ఆ ఇల్లే.

బ్రిటన్‌లో ఏడాదికి 17,000 పౌండ్లు అనుకున్నా మూడేళ్లకు 51,000. పౌండు 110 రూపాయలైతే 56 లక్షలు. ఇది తిండి, అద్దె కాకుండా. వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల ఆరోగ్య సర్‌ఛార్జి కూడా ముందే కట్టాలి. అక్కడి నర్సింగ్, పోడియాట్రీ విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఐదువేల పౌండ్ల సాయం బయటి దేశాల విద్యార్థులకు రాదు. ఒక దారి మాత్రం పనికొస్తుందనిపిస్తుంది. ఇక్కడ తక్కువ ఖర్చుతో సంబంధిత డిగ్రీ చేసి, రెండు మూడేళ్లు ఆసుపత్రిలో పనిచేసి, ఆ తర్వాత అక్కడ రెండేళ్ల మాస్టర్స్‌తో పోడియాట్రిస్టుగా నమోదు కావడం. విదేశీ చదువుల కోసం కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్‌కు, పీహెచ్‌డీకే గానీ డిగ్రీకి ఇవ్వరు. ఇంటర్ అయిన వెంటనే విదేశం పోవాలనుకునేవాళ్లకు ఆ తలుపు మూసే ఉంటుంది. డిగ్రీ అయ్యాక తట్టి చూడవచ్చు.

మంచి ఏడు, చెడ్డ ఏడు

ఇప్పుడు అసలు పరీక్ష. మీ ఇంట్లో గడిచిన ఆరేళ్ల ఆదాయం రాయండి. శెనక్కాయ, కంది, టమోటా, పాలు, గొర్రెలు, ఉపాధి హామీ కూలి, అన్నీ. వాటిలో అన్నిటికంటే చెడ్డ ఏడు దగ్గర వేలు పెట్టండి. ఆ ఏడు మళ్లీ వస్తే, అది కోర్సు మూడో ఏడాదే వస్తే, ఈ కాలేజీ ఫీజు, హాస్టలు కట్టగలరా? ఏ డబ్బుతో? ‘ఎట్టో చేస్తాం’ అన్నది జవాబు కాదు. గొర్రెల్లో ఎన్ని అమ్ముతారు, డ్వాక్రా సంఘంలో అమ్మకు ఎంత అప్పు పుడుతుంది, మామ ఎంత సర్దగలడు, ఇలా పేర్లతో అంకెలతో రాయాలి. ఆ ఏట కూడా కట్టగలిగితే ఆ కాలేజీ మీది. కట్టలేకపోతే, అది ఎంత గొప్పదైనా, రాయితీ ఎంత ఇస్తానన్నా, ఇంకో కాలేజీ చూడండి. మంచి ఏడు చూసుకుని కాలేజీలో చేర్చి, చెడ్డ ఏడు వచ్చినప్పుడు మూడో సంవత్సరంలో మానిపించిన పిల్లలు మన జిల్లాలో ఉన్నారు. వాళ్ల దగ్గర అప్పు ఉంది, డిగ్రీ లేదు. చదువు సగంలో ఆగితే కట్టిన ప్రతి రూపాయీ పోయినట్టే.

ఆడపిల్లల విషయంలో ఇంకొక్క మాట. కరువు ఏట ఇంట్లో ఇద్దరు చదువుతుంటే ముందు ఆగిపోయేది ఎక్కువగా ఆడపిల్ల చదువు. అందుకే ఆమె కాలమ్ విడిగా రాయండి. ఆమె కోసం పక్కన పెట్టిన డబ్బును తమ్ముడి ఫీజుకు తిప్పబోమని అందరి ముందూ అనుకోండి. ఆగిపోయిన ఆమె చదువు ఎవరూ లెక్కలో రాయని ఖర్చు. రాయకపోతే ఎవరికీ కనపడదు.

ఆ అమ్మాయి, వాళ్ల నాయన, నేను మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. కేంద్ర సంస్థల ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాలని తేలింది. అక్కడ సీటు వస్తే ఫీజు తక్కువ, ప్రయాణం ఎక్కువ. రాకపోతే రాష్ట్రంలోనే కన్వీనర్ కోటాలో ఫిజియోథెరపీ లేదా నర్సింగ్, ఆ తర్వాత షుగరు పాదాల శిక్షణ. ప్రైవేటులో మేనేజ్‌మెంట్ సీటు అని ఒక కాలేజీ పేరు రాసి ఉంటే దాన్ని ఆమే కొట్టేసింది. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఆధార్‌తో కలిపిన బ్యాంకు ఖాతా, అన్నింట్లో పేరు ఒకే రకంగా ఉందా లేదా, ఈ పనులు ఆ వారంలోనే చూసుకోమన్నాను. పేరులో ఒక అక్షరం తేడా ఉండి స్కాలర్‌షిప్ నెలలకొద్దీ ఆగిన వాళ్లు ఎందరో.

పోయేముందు వాళ్ల నాయన కాగితం తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు చదువు తక్కువ, అంకెలు మాత్రం తెలుసు. మూడో ఏడాది కాలమ్ మీద వేలు ఆనించి, ‘ఈడ పది గొర్రెలు రాసినావు కదప్పా, కరువు ఏట మేత ఉండదు, ధర దగ్గర దగ్గర సగానికి పడతాది. పద్దెనిమిది రాయి’ అన్నాడు. నేను కొట్టేసి పద్దెనిమిది రాశాను.